రెండు సీట్ల కారు చేసిన నాయుడు గారు

మన ప్రిన్సిపాల్ గారు ఒకరోజు మైకు పట్టుకుని, ఇంజినీరింగుకి నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలు అన్నారనుకోండి. బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లంతా కలిసి ఆయన ఫ్లెక్సీకి పాలాభిషేకం చేస్తారు. నవ్వులాటకి చెప్పట్లేదు. అలా అన్న ప్రిన్సిపాల్ ఒకాయన నిజంగానే ఉన్నారు. ఊరు కోయంబత్తూరు, కాలం 1945. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ ప్రిన్సిపాల్ గారు ప్రైమరీ స్కూలు దాటి చదువుకోలేదు.

పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. తమిళనాడులో జి.డి. నాయుడు అంటే చాలు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద 2025లో తెరిచిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు. అక్కడ అంత పేరున్న మనిషి మన వైపు పెద్దగా తెలీదు. ఆయన పుట్టింది తెలుగు మాట్లాడే ఇంట్లో. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వెళ్లి, అక్కడి నేల దున్నుకుని స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లాంటిదే వాళ్లది కూడా.

నేను ఆయన గురించి చదవడానికి కారణం మా ఇంటి కారు గొడవ. మాది రెడ్డిగూడెం, తిరువూరు డివిజన్‌లో మామిడి తోటల ఊరు. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు కొత్త కారు కొంటున్నాడు. బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎస్‌యూవీనా, అదే కంపెనీ 3 సిరీస్ సెడానా అని రెండు నెలలుగా తేలట్లేదు. చివరికి ఫ్యామిలీ గ్రూపులో ఓటింగ్ పెట్టాడు. పెదనాన్న ఓటు ఎస్‌యూవీకి, బండి ఎత్తుగా ఉంటే దిగే మనిషికి గౌరవం అని ఆయన లెక్క. నా ఓటు సెడాన్‌కి, మలుపులో నేలని అంటిపెట్టుకుని తిరుగుతుందని. బాబాయి ఓటు వెయ్యలేదు, ఈ రెండిట్లో కాయల ట్రేలు ఎందులో ఎక్కువ పడతాయని అడిగాడు. గ్రూపంతా నవ్వుకున్నారు. నాయుడు గారే ఆ గ్రూపులో ఉంటే మాత్రం బాబాయి పక్కనే నిలబడేవారు. బండి ఎవరిని మోస్తుంది, ఏం మోస్తుంది, ఎంతకి మోస్తుంది అన్న లెక్క మీదే ఆయన జీవితం నడిచింది.

పుట్టింది 1893 మార్చి 23న, కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్లో. వ్యవసాయ కుటుంబం. బడి అంటే పడేది కాదు, మాస్టర్ల మీద ఇసుక విసిరేవారని చెప్తారు. బడి మానేసి పొలం పనుల్లో ఉండగా, ఆ దారిన ఒక ఇంగ్లీషు అధికారి మోటార్ సైకిల్ మీద వెళ్లడం చూశారు. రడ్జ్ కంపెనీది, ఇంగ్లండులో కోవెంట్రీలో తయారైన బండి. ఎద్దుల బండ్లు, గుర్రపు జట్కాలు తప్ప ఇంకోటి ఎరగని పల్లెలో ఏ జంతువూ లాగకుండా ఒక బండి తనంతట తాను పోతోంది. ఆ కుర్రాడికి ఇంక వేరే ఆలోచన లేదు.

చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. మూడేళ్లు ప్లేట్లు అందించి 300 రూపాయలు కూడబెట్టి మోటార్ సైకిల్ కొన్నారు. ఇంతవరకూ ఇది మనలో చాలామంది కథే, పార్ట్‌టైమ్ చేసి డ్యూక్ కొన్నవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉన్నారు. తేడా కొన్న తర్వాతే మొదలవుతుంది. ఆయన ఆ బండిని నట్టూ బోల్టూ విడివిడిగా విప్పేశారు. మళ్లీ బిగించారు. మళ్లీ విప్పారు. అలా విప్పి బిగించే పనిలోనే మెకానిక్ అయిపోయారు. మనకి అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, మనం యాప్ డౌన్‌లోడ్ చేసి రేటింగ్ ఇస్తాం, ఆయన సోర్సు కోడ్ చదివారు. కారు కొనేముందు యూట్యూబులో నలభై రివ్యూలు చూడటం వేరు, మూడేళ్ల చెమటతో కొన్న బండిని మొదటి రోజే విప్పడానికి కావాల్సిన గుండె వేరు. బిగించడం రాకపోతే మూడొందలూ పోయినట్టే కదా.

మధ్యలో పత్తి వ్యాపారంలో దిగారు. బాగానే సంపాదించి, బొంబాయి పత్తి మార్కెట్టులో పోగొట్టుకున్నారు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం, ఆయనా వదిలేశారు.

అసలు కథ 1920లో. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే పెద్ద ఇంగ్లీషు వ్యాపారి ఉండేవారు. కాఫీ తోటలు, మిల్లులు, ఒక స్కూలు, అన్నీ ఉన్నాయి ఆయనకి. ఆయన సాయంతో నాయుడు గారు ఒక మోటారు బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళని దాకా, సుమారు అరవై కిలోమీటర్ల దారి. డ్రైవరు ఆయనే.

ఆ రూటు ఎంచుకోవడంలోనే ఆయన బుర్ర కనిపిస్తుంది. పళని అంటే మురుగన్ కొండ, మనకి తిరుపతి ఎలాగో అక్కడివాళ్లకి అలాగ. ఏడాది పొడవునా జనం వస్తూనే ఉంటారు, నడిచీ ఎద్దుబండ్ల మీదా. పొల్లాచ్చి సంతల ఊరు, సరుకూ మనుషులూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఆ రోజుల్లో మోటారు అంటే జమీందార్లకీ దొరలకీ ఉన్న సరదా. ఒక మనిషి గొప్ప కోసం మద్రాసు హార్బర్లో దిగే కారు అది. అదే ఇంజిను, అదే పెట్రోలు, వెనకాల బల్లలు వేసి ఇరవై మందిని కూర్చోబెడితే ఒక్కొక్కరికీ పడే ఖర్చు అణాల్లోకి వచ్చేస్తుంది. ఈ భాగహారం ఎవరైనా చెయ్యగలరు. కాకపోతే అప్పు తెచ్చి స్టీరింగు పట్టుకున్నది ఈయన.

ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయ్యింది. జనం యూఎంఎస్ అనేవాళ్లు. 1930లు వచ్చేసరికి వందల బస్సులు, దేశంలోనే పద్ధతిగా నడిచే సర్వీసుల్లో ఒకటని పేరు. అద్దె బండి సంగతి తోటల వాళ్లకి బాగా తెలుసు. సీజన్లో కాయ కోసి ట్రేల్లో పెట్టాక నున్న మార్కెట్టుకి వెళ్లాల్సిన బండి దార్లో ఆగిపోతే ఆ రోజు రేటు పోయినట్టే. బస్సు కూడా అంతే, తిరిగినంతసేపే డబ్బు. విప్పి బిగించడం తెలిసిన ఓనరు ఉండటం యూఎంఎస్‌కి పెద్ద బలం.

చేతిలో డబ్బు ఆడాక ఆయన యూరప్ వెళ్లారు. జర్మనీ ఆయన్ని బాగా పట్టేసింది. మెషీన్లు, టూల్స్, ఫ్యాక్టరీలు. అక్కడి పరిచయాల నుంచి వచ్చిందే రసాంత్ అనే షేవింగ్ రేజర్. లోపల బుల్లి మోటారు, డ్రై సెల్స్ మీద నడుస్తుంది. జర్మన్లో ఆ మాటకి దూసుకుపోయేది అని అర్థం, స్పోర్ట్స్ కార్ల గురించి రాసేవాళ్లు ఇప్పటికీ వాడతారు. ఇంకా పలచటి బ్లేడ్లు, పళ్లరసం తీసే మెషీను, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చెయ్యడానికి వీల్లేని ఓటింగు మెషీను, ఇలా చేసుకుంటూ పోయారు. కెమెరా పిచ్చి కూడా ఉండేది. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియలు సొంతంగా ఫిల్ము తీశారు. గాంధీ, నెహ్రూ, సుభాష్ బోస్ ఆయన కెమెరాకి చిక్కారు. హిట్లర్ కూడా చిక్కాడు. ఆ కాలపు జర్మనీకి వెళ్లి మెషీన్లని మాత్రమే చూసొచ్చిన ఇండియన్లలో ఈయన ఒకరు అనుకోవాలి. ఈ సంగతి దాచిపెట్టి ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. అదే 1936లో ఎన్నికల్లోనూ నిలబడ్డారు, ఓడిపోయారు.

1937లో జరిగింది మాత్రం మన తోటల దాకా వచ్చిన విషయం. కోయంబత్తూరు పీళమేడులో ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి, ఇండియాలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికొచ్చింది. దాని వెనక అసలు బుర్ర డి. బాలసుందరం నాయుడు గారిది, ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. తర్వాత కోయంబత్తూరు మోటార్లకీ పంపుసెట్లకీ పుట్టిల్లయ్యింది. మా బోరు మోటారు మీద ఉన్న రేకు తుడిచి చూస్తే ఆ ఊరి పేరే ఉంది. మీ ఇంట్లో గ్రైండరు వెనక్కి తిప్పి చూడండి, చాలావరకు అదే కనిపిస్తుంది.

1941లో ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే చేసివ్వగలనని ప్రకటించారు. 1944లో బస్సుల వ్యాపారం రోజువారీ పనుల నుంచి తప్పుకుని, పరిశోధన స్కాలర్‌షిప్పులకీ కార్మికుల సంక్షేమానికీ డబ్బు కేటాయించారు. ఆ మరుసటి ఏడే మొదట్లో చెప్పిన కాలేజీ. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్కూ ఇంజినీరింగు కాలేజీ రావడానికి నాయుడు గారే ముఖ్య కారణం. రెండేళ్ల కోర్సు గొడవలో ఆయన వెళ్లిపోయినా కాలేజీ నిలబడింది. ఇప్పుడదే కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. కాలేజీ వేరేచోటికి మారిపోయినా, పాత బస్టాపుని జనం ఇప్పటికీ హోప్స్ కాలేజ్ అనే పిలుస్తారు.

ఇప్పుడు కారు దగ్గరికొద్దాం.

1952. వందల బస్సులు నడిపిన మనిషి, ప్రపంచం తిరిగొచ్చిన మనిషి, ఏ కారు కావాలన్నా తెప్పించుకోగలిగిన మనిషి, తానే ఒక కారు తయారు చేశారు. పెట్రోలు ఇంజిను, రెండే సీట్లు, ధర 2,000 రూపాయలు. అప్పటికే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ కంపెనీలు విదేశీ మోడళ్లని ఇక్కడ బిగించి అమ్ముతున్నాయి. ఆ కార్ల ధరతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు తక్కువ.

రెండు సీట్లే ఎందుకు? ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, సీఎస్ఈ వాడు కార్ల గురించి చెప్తున్నాడని మెకానికల్ వాళ్లు నవ్వకండి. మా అన్నయ్య చూస్తున్న ఎస్‌యూవీ బరువు సుమారు 2,200 కిలోలు, సెడాన్ సుమారు 1,650. డెబ్బై కిలోల మనిషి ఒక్కడే ఆఫీసుకి వెళ్తున్నాడనుకుంటే, ఎస్‌యూవీ మోసే బరువులో మనిషి వందకి మూడు కిలోలు. మిగతా పెట్రోలంతా కారు తనని తాను మోసుకోవడానికే. ఒకే స్పీడులో వెళ్తుంటే ఎస్‌యూవీలో ఉండే శక్తి సెడాన్ కంటే మూడో వంతు ఎక్కువ, బ్రేకు వేస్తే అదంతా వేడిగా పోవాలి. పైగా ఎత్తు. బండి ఎత్తు పెరిగితే బరువు కేంద్రం పైకి లేస్తుంది, మలుపులో పక్కకి ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగులు, వెడల్పు టైర్లు, కంప్యూటర్‌తో పనిచేసే సస్పెన్షన్ పెడతారు. బరువుని లాగడానికి ఇంకా పెద్ద ఇంజిను. ముందు ఎత్తు పెంచి, తర్వాత ఆ ఎత్తు తెలియకుండా చెయ్యడానికి డబ్బు తీసుకుంటారు. పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీ అంటే నాకు అర్థమైనంతలో ఇదే. సెడాన్ కొంత నయం, కానీ అందులోనూ ఒక్క మనిషి వెళ్తుంటే నాలుగు సీట్లు ఖాళీ.

నాయుడు గారి బస్సు లెక్కలో ఖాళీ సీటు అంటే నష్టం. ఆ లెక్కే తెచ్చి సొంత కారుకి పెడితే వచ్చే సమాధానం రెండు సీట్లు. ఇది పల్లెటూరి మేధావి వింత అనుకోవడానికి లేదు. ఆ మరుసటి ఏడాది, 1953లో, ఇటలీలో ఇసెట్టా అని గుడ్డులాంటి బుల్లి కారు వచ్చింది. ముందు భాగమే తలుపు, ఇద్దరు కూర్చోవచ్చు, బరువు 350 కిలోల చిల్లర. యుద్ధం తర్వాత పెద్ద లగ్జరీ కార్లు అమ్ముడుపోక నష్టాల్లో ఉన్న ఒక జర్మన్ కంపెనీ దాని లైసెన్సు కొనుక్కుని 1955 నుంచి తయారు చేసింది. 1,60,000కి పైగా అమ్మి ఊపిరి పీల్చుకుంది. ఆ కంపెనీ పేరు బీఎండబ్ల్యూ. మా ఫ్యామిలీ గ్రూపులో రెండు నెలలుగా కొట్టుకుంటున్న రెండు కార్లూ వాళ్లవే.

ఇసెట్టాకి లైసెన్సు అంటే డిజైను వాడుకునే హక్కు. నాయుడు గారికి కావాల్సింది వేరే లైసెన్సు. 1951లో పార్లమెంటు పరిశ్రమల చట్టం చేసింది, 1952లో అమల్లోకి వచ్చింది. ముఖ్యమైన పరిశ్రమల్లో కొత్తగా ఏదైనా తయారు చెయ్యాలంటే ఢిల్లీ ఒప్పుకోవాలి. ఉక్కు కొరత, విదేశీ డబ్బు కొరత, ఉన్న కొంచెం ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వమే తేలుస్తుంది. నాయుడు గారి కారుకి ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది.

ఇక్కడ చాలామంది ప్రభుత్వాన్ని తిట్టి ఆపేస్తారు. నాకు ఇంకో అనుమానం ఉంది. లైసెన్సు వచ్చి ఉంటే మనవాళ్లు ఆ కారు కొనేవాళ్లా? 2008లో లక్ష రూపాయల కారని టాటా నానో వచ్చినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అందులో నలుగురు కూర్చోవచ్చు, పైగా లైసెన్సు అడ్డమూ లేదు. అయినా చౌక కారు అన్న ముద్ర పడ్డాక వాకిట్లో పెట్టుకోవడానికి జనం వెనకాడారు, పదేళ్లలో తయారీ ఆగింది. అంటే మా పెదనాన్న ఓటు కూడా చిన్నదేం కాదు. దిగే మనిషికి గౌరవం అన్న లెక్కని ఏ ఇంజినీరూ ఇంతవరకు కొట్టెయ్యలేకపోయాడు. కానీ దీనికి జవాబుగా ఒక మాట. ఇద్దరి కోసం చేసిన స్కూటర్లు మన దేశంలో కోట్లలో తిరిగాయి, ఒక్కోదాని మీద నలుగురు వెళ్లారు, వానలో తడుస్తూ, చంటిపిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని. వాళ్లలో ఎంతమంది పైకప్పు ఉన్న రెండు సీట్లని వద్దనేవాళ్లు? 1952లో తేలాల్సిన ఆ ప్రశ్న రోడ్డు మీద తేలలేదు, ఆఫీసు ఫైల్లో తేలింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

సామాన్యుడి కారు అన్న మాట నిజంగా రోడ్డెక్కడానికి 1983 డిసెంబరులో మారుతీ 800 రావాల్సి వచ్చింది. నాయుడు గారు చూడలేదు.

కారు ఆగిందని ఆయన కూర్చోలేదు. ఆసక్తి పొలం మీదకి కూడా తిరిగింది. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలో కొత్త రకాలు తెచ్చారు. ఆ తోట చూడటానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య అంతటివాళ్లు వెళ్లారు. పొద్దున్న పునాది తీసి సాయంత్రానికి ఇల్లు కట్టి చూపించారు కూడా. రేడియో, ఆటోమొబైల్ కోర్సులు సొంతంగా నడిపారు, తక్కువ రోజుల్లో చేతికి పని వచ్చేలా. 1967లో మెషీన్ల ఎగ్జిబిషన్ ఒకటి శాశ్వతంగా ఏర్పాటు చేశారు. 1974 జనవరి 4న, ఎనభై ఏళ్ల వయసులో పోయారు.

మన మెకానికల్ వాళ్లు ప్రతి ఏడూ ఇండస్ట్రియల్ టూరు పేరుతో ఊటీ వెళ్తారు కదా. ఊటీకి ట్రైను దిగేది ఎక్కువగా కోయంబత్తూరులోనే. అక్కడ అవినాశి రోడ్డు మీద ఆయన కుటుంబం 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం ఉంది. 1886 నాటి మొదటి బెంజ్ మూడు చక్రాల కారు నమూనా దగ్గర్నుంచి బండ్లు వరసగా పెట్టారు. ఈసారి ఊటీ బస్సెక్కే ముందు ఒక పూట అక్కడ ఆగండి. సీఎస్ఈ వాళ్లని కూడా తీసుకెళ్తామంటే నా పేరు రాసుకోండి.